ఆసుపత్రి గడపలోనే చులకన - ఎయిడ్స్ నివారణకు అదే అడ్డు

ఓపీ చీటీ కోసం ఆడవాళ్ల వరసలో నిలబడాలా, మగవాళ్ల వరసలోనా? పెద్దాసుపత్రికి వెళ్లే హిజ్రాలకు గడపలోనే ఎదురయ్యే చిక్కు ఇది. చుట్టూ నవ్వులు, గుసగుసలు భరించలేక పరీక్ష చేయించుకోకుండానే వెనుదిరిగేవారున్నారు. మగవారితో సంబంధమున్న మగవారిదీ ఇదే అవస్థ. తమ సంగతి డాక్టరుకైనా చెప్పుకోలేరు. పరీక్ష, చికిత్స అందనిచోట హెచ్‌ఐవీ చాపకింద నీరులా పాకుతుంది.

ఈ చిక్కు తీర్చేందుకు 2021 జనవరిలో హైదరాబాద్ నారాయణగూడలో 'మిత్ర్' క్లినిక్ వెలిసింది. ట్రాన్స్‌జెండర్లే వైద్యులుగా, సలహాదారులుగా ఉండడంతో వచ్చినవారు జంకు లేకుండా మాట్లాడేవారు. అమెరికా నిధులు ఆగడంతో 2025 ఆరంభంలో అది మూతపడింది. అదే ఏడాది టాటా ట్రస్టుల తోడ్పాటుతో 'సబ్‌రంగ్' పేరున మళ్లీ తెరుచుకుంది. అయినా పల్లెవాసికి దగ్గర దిక్కు ప్రభుత్వాసుపత్రే.

అక్కడ మందులకు కాసు ఖర్చు లేదు. 2004లో మొదలైన ఏఆర్‌టీ కేంద్రాల్లో చికిత్స ఉచితం. మందులు క్రమం తప్పక వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గితే లైంగిక సంబంధం ద్వారా ఇతరులకు సోకదు. 2017 నాటి చట్టం ప్రకారం అనుమతి లేనిదే పరీక్ష చేయరాదు, ఫలితం బయటపెట్టరాదు. హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించరాదు. సందేహాలుంటే 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

చట్టముంది, మందుంది. చీటీ రాసే గుమాస్తా మొదలు సూది వేసే నర్సు దాకా వచ్చినవారిని మనిషిగా పలకరిస్తే చాలు, సగం నివారణ జరిగినట్లే.