అఫ్లాటాక్సిన్ పరీక్షలో లేజర్ ప్రతిదీప్తి: ఎక్కడ అవసరం, ఎక్కడ అనవసరం

అనంతపురం వంటి మెట్ట ప్రాంతాలలో వేరుశనగ కాయ ఊరే దశలో బెట్ట ఏర్పడితే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ శిలీంధ్రం సోకి, గింజలలో అఫ్లాటాక్సిన్ చేరుతుంది. నేరుగా తినే వేరుశనగలో అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 2 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 4 మైక్రోగ్రాములు మించరాదని ఐరోపా సమాఖ్య నిబంధన. ఇంత స్వల్ప పరిమాణాన్ని కొలవడానికి ప్రయోగశాలలు ప్రధానంగా ద్రవ క్రొమటోగ్రఫీనీ, దానికి అనుసంధానించిన ప్రతిదీప్తి డిటెక్టరునూ ఉపయోగిస్తున్నాయి.

అణువు కాంతిని గ్రహించి, అంతకంటే ఎక్కువ తరంగదైర్ఘ్యం గల కాంతిని వెలువరించడమే ప్రతిదీప్తి. అఫ్లాటాక్సిన్లు 365 నానోమీటర్ల ప్రాంతంలో కాంతిని గ్రహించి నీలి లేదా ఆకుపచ్చ కాంతినిస్తాయి. బి, జి అనే పేర్లు బ్లూ, గ్రీన్ పదాల తొలి అక్షరాలే. అయితే నీరు ఎక్కువగా ఉన్న ద్రావణిలో బి1, జి1ల ప్రతిదీప్తి బాగా క్షీణిస్తుంది. అందుకే కాలమ్ దాటిన తరువాత బ్రోమిన్‌తో గాని, అతినీలలోహిత కాంతితో గాని వాటిని ఎక్కువ ప్రతిదీప్తి గల రూపంలోకి మారుస్తారు.

సాధారణ డిటెక్టరులో జినాన్ దీపం ఉంటుంది. దానికి బదులుగా లేజరును వాడవచ్చునని 1977లో డైబోల్డ్, జేర్ అఫ్లాటాక్సిన్లపైనే నిరూపించారు. 325 నానోమీటర్ల హీలియం-కాడ్మియం లేజరుతో పికోగ్రాము కంటే తక్కువ పరిమాణాన్ని గుర్తించారు. ఈ విజయం లేజరు తీవ్రత వల్ల మాత్రమే వచ్చినది కాదు. గాజు గోడల నుండి చెదిరే కాంతిని నివారించడానికి వారు ద్రవాన్ని గాజు గదిలో కాక, వేలాడే బిందువుగా ప్రవహింపజేశారు.

అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. లేజరు తీవ్రత పెంచితే ప్రతిదీప్తితో పాటు నేపథ్య కాంతి కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. నీటి రామన్ పరిక్షేపణ దీనికి మంచి ఉదాహరణ. 325 నానోమీటర్ల లేజరుతో అది సుమారు 365 వద్ద కనిపిస్తుంది కనుక ఫిల్టరుతో తొలగించవచ్చు. 375 నానోమీటర్ల డయోడ్ లేజరుతోనైతే 430 దగ్గరకు, అంటే అఫ్లాటాక్సిన్ ప్రతిదీప్తి మీదికే వచ్చి పడుతుంది. కనుక లేజరును ఎంచుకునేటప్పుడు శక్తి కంటే తరంగదైర్ఘ్యమే ముందుగా చూడవలసిన అంశం.

అతి సన్నని గొట్టాల వంటి కాలమ్‌లలో, నానోలీటర్ల పరిమాణంలో కొలిచేటప్పుడు లేజరుకు సాటి లేదు. దీపపు కాంతిని అంత చిన్న బిందువుపై కేంద్రీకరించడం కష్టం. 4.6 మిల్లీమీటర్ల సాధారణ కాలమ్‌తో వేరుశనగను పరీక్షించే ప్రయోగశాలకు మాత్రం జినాన్ దీపమే చాలును. అక్కడ పెద్ద దోషం డిటెక్టరులో కాదు, నమూనా సేకరణలో ఉంటుంది. విషం కొద్ది గింజలలోనే అధికంగా కేంద్రీకృతమై ఉంటుంది; ఆ గింజలు సంచిలో ఏ మూల ఉన్నాయో ఎవరికీ తెలియదు. పిడికెడు గింజల ఫలితాన్ని బట్టి రైతు సరుకును తిరస్కరించడమూ, ఆమోదించడమూ రెండూ ప్రమాదమే. పెద్ద లాట్లలో 100 చోట్ల నుండి తీసి, మొత్తం 20 కిలోల నమూనాను సిద్ధం చేయాలని ఐరోపా నిబంధనలు కోరడానికి కారణమిదే.