కదిలే వాహనాలు – మారే తాళంచెవులు

గుంటూరు మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారిపై మిరప బస్తాల లారీలు బారులు తీరి పయనిస్తుంటాయి. ముందున్న లారీ హఠాత్తుగా ఆగితే, వెనుకనున్న చోదకుడు గ్రహించేలోపే ప్రమాదం సంభవించవచ్చు. వాహనాలే రేడియో తరంగాల ద్వారా పరస్పరం హెచ్చరించుకొంటే ఈ ముప్పు తగ్గుతుంది. ఈ దిశగా ప్రపంచమంతటా పరిశోధనలు సాగుతున్నాయి. సంగారెడ్డి జిల్లా కందిలోని హైదరాబాదు ఐ.ఐ.టి. ప్రాంగణంలో స్వయంచాలిత వాహనాల పరీక్షాక్షేత్రం ‘తిహాన్’ 2022 జులై 4న ప్రారంభమైంది.

అయితే గాలిలో సాగే సందేశాన్ని ఎవరైనా వినవచ్చు; ఎవరైనా అసత్య సందేశాన్ని పంపవచ్చు. ‘ఆగండి’ అనే ఒక్క దొంగమాట వాహనశ్రేణిని ఛిన్నాభిన్నం చేయగలదు. అందరూ వినవలసిన హెచ్చరికలకు గోప్యత అక్కరలేదు. పంపినదెవరో ధ్రువీకరించే డిజిటల్ సంతకం చాలు. బృందంగా సాగే వాహనాలు తమలో తాము చెప్పుకొనే మాటలను మాత్రం గూఢసంకేతాలుగా మార్చాలి. ఆ సంకేతాలను కూర్చడానికీ, విప్పడానికీ బృందమంతా వాడే రహస్యసంఖ్యను తాళంచెవి అంటారు.

చిక్కు ఇక్కడే ఉంది. ఒక లారీ చిలకలూరిపేట వద్ద విడిపోతుంది. మరొకటి ఒంగోలు వద్ద చేరుతుంది. విడిపోయిన వాహనం తరువాతి సందేశాలను వినరాదు; కొత్తగా చేరినది పూర్వసందేశాలను విప్పరాదు. కనుక ప్రతి రాకకూ, ప్రతి పోకకూ తాళంచెవి మారాలి.

ఈ మార్పును సులభంగా జరిపే మార్గాన్ని గుంటూరులోని బ్రాడీపేట ఉదాహరణతో గ్రహించవచ్చు. ఆ పేట లైన్లుగా, అడ్డరోడ్లుగా విభజింపబడి ఉంటుంది. అటువంటి పేటలో 10 లైన్లు, లైనుకు 10 ఇళ్లు ఉన్నాయనుకొంటే, ప్రతి ఇంటికీ సొంత తాళంచెవి, లైనుకొక ఉమ్మడి తాళంచెవి, పేటకంతటికీ మరొకటి ఉండాలి. ఒక ఇల్లు ఖాళీ అయితే, విడివిడిగా తెలపడానికి 99 సందేశాలు కావాలి. శ్రేణీపద్ధతిలో ఆ లైనులో మిగిలిన 9 ఇళ్లకు కొత్త లైను తాళంచెవిని పంపి, ఆపై లైనుకొకటి చొప్పున 10 సందేశాలతో కొత్త పేట తాళంచెవిని అందించవచ్చు. మొత్తం 19 సందేశాలతో పని ముగుస్తుంది.

వాంగ్, గౌడా, లామ్ అనే శాస్త్రజ్ఞులు 1998లో ఇటువంటి శ్రేణీపద్ధతిని వివరించారు. శ్రేణిని రెండేసి శాఖలుగా విభజిస్తే, 1024 సభ్యుల బృందంలో ఒకరు వీడినప్పుడు సుమారు 20 సందేశాలు చాలు. వాహనాలకు ఈ పొదుపు ప్రాణావసరం. వాటి కలయిక కొన్ని క్షణాలే ఉండవచ్చు. ఈ పంపిణీని నాయకవాహనం గాని, రహదారి పక్కనున్న కేంద్రం గాని నిర్వహించవచ్చు.

ఉమ్మడి తాళంచెవితో వచ్చిన సందేశం బృందసభ్యునిదేనని తెలుస్తుంది గాని, ఏ సభ్యునిదో తెలియదు. కాబట్టి దానికి తోడుగా సంతకమూ అవసరమే. తాళంచెవి ఎంత పటిష్ఠమైనదైనా, బృందాన్ని వీడినవారి చేతిలో చెల్లుబాటవుతూ ఉంటే రక్షణ శూన్యం. దానిని సకాలంలో మార్చడంపైనే ప్రయాణికుల భద్రత ఆధారపడి ఉంది.