ట్యూమర్ మార్కర్ అందరికీ ఒకే మాట చెప్పదు

మందమర్రి నుంచి హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానకు వెళ్లొచ్చే పేగు క్యాన్సర్ రోగుల ఫైళ్లలో ‘సీఈఏ’ అనే రక్తపరీక్ష కాగితం ఉంటుంది. ఇలా రక్తంలోనో, గడ్డ ముక్కలోనో దొరికి జబ్బు సంగతి చెప్పే గుర్తులనే బయోమార్కర్లు అంటారు.

వీటి మీదే ఏళ్లుగా పనిచేస్తున్న శాస్త్రవేత్త డాక్టర్ ఉపేందర్ మన్నె. పేరు మన ఊళ్లలో వినేదే. అమెరికాలో బర్మింగ్‌హామ్‌లోని అలబామా యూనివర్సిటీలో పాథాలజీ ప్రొఫెసర్. ఆపరేషన్‌లో తీసిన పేగు గడ్డ ముక్కకు రంగు పట్టించి మైక్రోస్కోపు కింద చూస్తే, కొందరి కణాల్లో పీ53 అనే ప్రొటీన్ పేరుకుపోయి కనిపిస్తుంది. అది చెడ్డ సూచనేనా? 1998లో ఆయన బృందం ప్రచురించిన పరిశోధన ప్రకారం, పెద్దపేగు మొదటి భాగంలో గడ్డ ఉన్న తెల్లజాతి రోగుల్లో అవును. నల్లజాతి రోగుల్లో మాత్రం ఆ లెక్క కుదరలేదు. అంటే ఒక జనంలో తేలిన గుర్తును ఇంకో జనం మీద గుడ్డిగా వాడకూడదు. మనకూ అంతే.

నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా చదివే టస్కీగీ యూనివర్సిటీ, మోర్‌హౌస్ మెడికల్ స్కూలుతో కలిసి నడిచే కార్యక్రమంలో ఆయన కొత్త పరిశోధకులను తయారు చేస్తున్నారు కూడా.

ఇక సీఈఏ. 1965లో కనుగొన్న ఈ గుర్తు, ఆపరేషన్ తర్వాత జబ్బు తిరగబెడుతోందా అని చూడడానికే ఎక్కువ పనికొస్తుంది. బీడీ, సిగరెట్ తాగేవారిలో క్యాన్సర్ లేకున్నా కాస్త ఎక్కువ ఉండొచ్చు. హెల్త్ ప్యాకేజీలో అంకె పెరిగిందని ఇల్లంతా పరేషాన్ కావద్దు. నార్మల్ వచ్చింది కదా అని మలంలో పడే రక్తాన్ని వదిలేయనూ వద్దు. రెండింటికీ డాక్టర్ దగ్గరికే వెళ్లాలి, అవసరమైతే కొలనోస్కోపీ చేయించుకోవాలి.