రెండు కిటికీల కెమెరా

మీ బొటనవ్రేలిని ముక్కునకు ఎదురుగా జానెడు దూరమున నిలిపి, మొదట ఎడమకన్నును, పిమ్మట కుడికన్నును మూసి చూడుడు. వ్రేలు కదలలేదు, అయినను వెనుకనున్న గోడమీద అది ఒకచోటినుండి మరియొకచోటికి గెంతినట్లు కనబడును. ఇపుడు చేయి బాగుగా చాచి అట్లే చూడుడు. గెంతు తగ్గును. మన కన్నులు రెండింటికిని నడుమ సుమారు రెండున్నర అంగుళముల యెడముండుటచే కలుగు వింత యిది. ఈ వింతను ఆధారముగా గొని దూరమును కొలుచు ఛాయాగ్రహణ యంత్రమునకు రేంజిఫైండరు కెమెరా యని పేరు.

దాని ముఖమున, కటకమునకు పైభాగమున, రెండు కిటికీలు కలవు. పెద్దదానిగుండ మనము దృశ్యమును చూతుము. చిన్నది దానికి కొంత యెడముగా నుండును. 1954లో వెలువడిన లైకా ఎం-3 అను కెమెరాలో ఈ యెడము సుమారు 7 సెంటీమీటర్లు; మన కన్నుల యెడమునకు ఇంచుమించు సమానమే! చిన్న కిటికీలో ప్రవేశించిన వెలుగు లోపల ప్రక్కకు మరలి, పెద్ద కిటికీ వెనుక ఏటవాలుగా నిలిపిన అద్దమును చేరును. ఆ అద్దము కొంత వెలుగును తనగుండ పోనిచ్చి, కొంత వెలుగును ప్రతిఫలింపజేయును. కావున చూచువానికి దృశ్యము నడుమ ఒక చిన్న దీర్ఘచతురస్రములో వస్తువు రెండుగా తోచును. మనుష్యునకు రెండు ముక్కులు, దేవాలయమునకు రెండు ధ్వజస్తంభములు! కటకము చుట్టునున్న వలయమును మెల్లగా త్రిప్పగా ఆ రెండు బొమ్మలును దగ్గరకు జరిగి ఒక్కటియగును. అవి కలిసినపుడే కటకము ఆ వస్తువు దూరమునకు సరిగా అమరినదని గ్రహింపవలెను. సర్వే చేయువారు ఏటి ఆవలి గట్టుననున్న చెట్టు దూరమును ఈవలి గట్టునుండియే లెక్కగట్టుదురు గదా! ఆ త్రిభుజ సూత్రమే ఇచ్చట అరచేతిలో ఇమిడినది.

పూర్వము కెమెరాను మోసికొని పోవుటయే ఒక ప్రయాస. నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలమున బరువైన పెట్టె, ముక్కాలిపీట, గాజుపలకలు లేనిదే చిత్రము లేదు. ఈ బరువును తగ్గించినవారిలో జర్మనీ దేశీయుడగు ఆస్కార్ బార్నాక్ ముఖ్యుడు. ఆయన వెట్జ్‌లార్ నగరమున లైట్జ్ వారి సూక్ష్మదర్శినుల కర్మాగారములో పనిచేసెడివాడు. ఉబ్బసపు రోగి, విహారమునకు పోయినపుడు పెద్ద కెమెరాను మోయలేకపోయెడివాడు. అందుచే సినిమా ఫిలిమును అడ్డముగా నడిపించి, 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు గల చిత్రమును తీయు చిన్న యంత్రమును 1914 నాటికే నిర్మించెను. దానితో ఆయన చిత్రించిన వానిలో దూరదేశపు వింతలకన్న తాను కాపురమున్న ఊరి దృశ్యములే ప్రసిద్ధికెక్కినవి. 1920లో లాన్ నది పొంగి వెట్జ్‌లార్ వీథులలోనికి వచ్చినపుడు ఆ వరదను ఆయన చిత్రించెను. 1925లో లైకా అను పేర ఆ కెమెరా అంగడికి వచ్చినది. అందు దూరమును కొలుచు ఏర్పాటు లేదు. కటకముతో సంధింపబడిన దూరమాపకము 1932లో లైకాకును, జైస్ ఐకాన్ వారి కాంటాక్స్ కెమెరాకును సమకూడినది.

ఇట్టి కెమెరా చిన్నది, చప్పుడు తక్కువ. ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు హెన్రీ కార్టియే బ్రెస్సాన్ దీనినే చేతబట్టి దేశదేశములు తిరిగెను. 1948 జనవరి 30వ తేదీన, గాంధీ మహాత్ముడు హతుడగుటకు కొలది ముందు, ఆయనను దర్శించి చిత్రములు తీసినవాడీయనయే.

అయితే ఈ యంత్రమునకు ఒక దోషము కలదు. మనము చూచునది కిటికీగుండ. చిత్రమును పట్టునది కటకము. ఈ రెంటికిని చోటు వేరగుటచే, మిక్కిలి దగ్గరనున్న మనుష్యుని చిత్రింపబోయినపుడు కిటికీలో కనబడిన తల చిత్రములో తెగిపోవచ్చును. అంతకన్న పెద్ద చిక్కు మరియొకటి గలదు. అది నా అనుభవమే కనుక చెప్పెదను.

ధవళేశ్వరమునకు దిగువనున్న ఒక లంక మా స్వగ్రామము. ఉపాధ్యాయుడనైన క్రొత్తలో చెన్నపట్టణమున ఒక పాత జపాను కెమెరాను కొంటిని. 1986 వేసవి సెలవులలో హంపీకి పోయి విరూపాక్షుని గోపురమును, విఠలాలయపు రాతిరథమును తనివితీర చిత్రించితిని. ముప్పదియారు చిత్రముల ఫిలిములో ముప్పదియైదు అచ్చటనే అయిపోయినవి. మిగిలిన ఒక్కదానిని, ఫిలిము ముగింపవలెనను తొందరచే, ఇంటి అరుగుమీద బియ్యము చెరుగుచున్న మా నాయనమ్మకు గజము దూరమున నిలిచి తీసితిని. చిత్రమున ఆమె నెత్తి తెగిపోయినది. ఆమె దానిని చూచి, “అంత గోపురము పట్టినది గాని నా తల పట్టలేదట్రా నాయనా?” అని నవ్వినది.

ఆ యేటి ఆగస్టులో గోదావరికి మహా వరద వచ్చినది. ధవళేశ్వరమువద్ద ప్రవాహము సెకనుకు 35 లక్షల ఘనపుటడుగులు దాటినది. మా వాండ్రను ముందే గట్టుమీదికి చేర్చిరి. నేను పడవలో ఊరిలోనికి పోతిని. మా పెంకుటింటికి చూరుదాక నీరు. కప్పుమీద రెండు కోళ్లు. తుంపర పడుచుండుటచే కటకమునకు మూత బిగించియుంటిని. ఆ తొట్రుపాటున మూత తీయుట మరచి, ఏడెనిమిది మారులు మీట నొక్కితిని. కిటికీలో అంతయు చక్కగా కనబడుచుండగా అనుమాన మెట్లు కలుగును? కటకముగుండనే చూచు కెమెరా అయినచో చీకటియే నన్ను హెచ్చరించియుండును. ఫిలిమును కడిగించి చూడగా అచ్చట గాజువలె తేటగా ఉన్నది, ఏమియు లేదు.

నీరు తీసిన పిమ్మట మట్టిగోడలు కూలినవి. ఇల్లు పోయినది. హంపీ గోపురమును నాకన్న చక్కగా తీసినవారు వేలమంది కలరు. మా యింటికి మాత్రము ఆ ఒక్క చిత్రమే మిగిలినది. అందు చేట, బియ్యము, కనుబొమల వరకే గల నాయనమ్మ ముఖము, ఆమె వెనుక అరుగు, గడప, వసారా స్తంభముల వరుస.

మొన్న సంక్రాంతికి మా తమ్మునికిని నాకును వసారాకు స్తంభములు మూడా, నాలుగా అని వాదము వచ్చినది. పటమును గోడనుండి దింపి, కిటికీవద్దకు తీసికొనిపోయి లెక్కించితిమి. నాలుగు.