కుక్కపిల్ల యాటలును, ఇంటివారి విధులును

కుక్కపిల్ల యొకటి క్రొత్తగా ఇల్లు చేరినచో నాలుగు దినములలోనే ఆ యింటి తీరు మాఱిపోవును. తండ్రిగారి చెప్పులలో నొకటి పెరటిలోను, రెండవది మంచము క్రిందను దొరకును. తల్లి వంటయింటినుండి వచ్చుచుండగా చీరకుచ్చెళ్లు పట్టి లాగును. పిల్లవాడు లెక్కలు చేసికొనుచుండగా పెన్సిలును నోట కఱచుకొని పరుగెత్తును. తాతగారి చేతికఱ్ఱను జూచి మొఱుగును. మఱుక్షణమే దానిని నాకును. పగలెల్ల నింత సందడి చేసి, రాత్రి యందఱును పండుకొన్న పిమ్మట సన్నని గొంతుతో నేడ్వ నారంభించును. ఇంటివారిలో కొందఱు నవ్వుదురు, కొందఱు కసరుదురు, కొందఱు కఱ్ఱ తీసికొందురు. ఆ చిన్న ప్రాణి ఏల ఇట్లు చేయుచున్నదో ఆలోచించువారు మాత్రము తక్కువ. ఆ సంగతినే ఇచట వివరింప దలచితిని.

కుక్కపిల్ల పుట్టినప్పుడు దానికి చూపును లేదు, వినికిడియు లేదు. సుమారు రెండు వారములకు కన్నులు విచ్చును. మూడవ వారమున చెవులు వినసాగును. అటుపిమ్మట తోడిపిల్లలతో ఆట మొదలగును. ఈ యాటయే దానికి బడి. ఒక పిల్ల మఱియొక పిల్ల చెవిని గట్టిగా కొఱికెననుకొందము. నొప్పి తగిలిన పిల్ల కీచుమని యఱచి యాట మానివేయును. కొఱికినదానికి ఆట పోయెను. ఇట్లు పలుమాఱులు జరుగగా, ఆట సాగవలెనన్న నోటి బలము తగ్గించుకొనవలెనని అది నేర్చుకొనును. ఈ పాఠము ముగియకముందే, నెల దినముల పిల్లను తల్లినుండి విడదీసి తెచ్చినచో, మిగిలిన పాఠమును అది మన పిల్లల చేతులమీద నేర్చుకొనవలసి వచ్చును. కావున ఎనిమిది వారములు నిండనిదే కుక్కపిల్లను తల్లికి దూరము చేయరాదు.

అమెరికా దేశమున బార్ హార్బర్ పట్టణమందలి పరిశోధనాలయములో స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు కుక్కపిల్లల పెంపకమును పెక్కేండ్లు పరిశీలించి, 1965లో నొక గ్రంథము ప్రకటించిరి. మూడవ వారము మొదలుకొని సుమారు పండ్రెండవ వారము వఱకు గల కాలము కుక్క జీవితములో మిక్కిలి ముఖ్యమైనదని వారు చూపిరి. ఆ కాలమున నెమ్మదిగా పరిచయమైన మనుష్యులను, వస్తువులను, చప్పుళ్లను అది తనవిగా నెంచును. ఆ గడువు దాటిన పిమ్మట క్రొత్తదానియెడ భయమే హెచ్చును. కావున కుక్కరు ఈల, ఆటోరిక్షా మోత, విప్పిన గొడుగు, పాలవాని బండి, గడ్డము పెంచిన పెద్దమనిషి, పరుగులెత్తు బాలురు – వీనినెల్ల దూరమునుండి, కొంచెము కొంచెముగా, ఒక తినుబండపు ముక్క నిచ్చుచు దానికి చూపవలెను. ఈ వారములలో ఎవ్వరి మొగమును చూపక పెరటిలో గొలుసుతో కట్టివేసిన పిల్ల, పెద్దదైన పిదప ఉత్తరములు తెచ్చువానిపై దూకినచో, ఆ దోషమును దాని జాతిపై మోపుట న్యాయము కాదు.

అయితే ఒక జాగ్రత్త గలదు. పార్వో అను వ్యాధి కుక్కపిల్లలకు ప్రాణాంతకమైన వాంతులను, రక్తవిరేచనములను కలిగించును. ఇది 1978 ప్రాంతమున లోకమునకు తెలియవచ్చిన వ్యాధి. రోగపు కుక్క మలముద్వారా వ్యాపించును. దీనికి టీకా కలదు. టీకాలు పూర్తియగు వఱకు పిల్లను వీథిలో దింపక, చేతులలో నెత్తుకొని లోకమును చూపుట మేలు.

ఇంక దాని చేష్టల యర్థము చూతము. ముందు కాళ్లు చాపి, రొమ్ము నేలకు వంచి, వెనుక భాగము పైకెత్తి తోక నాడించినచో, అది "ఆడుదము రమ్ము" అని పిలుచుటయే. అప్పుడు చేయు గుఱ్ఱుమను శబ్దము కోపము కాదు. ఒడలు బిగిసి, చూపు నిలిచి, పెదవి పైకి లేచి పండ్లు కనబడినచో మాత్రము అది ఆట కాదు. అట్టి సమయమున పిల్లలు దానిని కదపక మెల్లగా దూరము పోవలెను. తినుచున్నప్పుడును, నిద్రించుచున్నప్పుడును దానిని ముట్టరాదు.

చెప్పులు నమలుటకును కారణము గలదు. కుక్కపిల్లకు పాలపండ్లు ఇరువది యెనిమిది. ఇవి సుమారు నాలుగవ నెలనుండి ఊడి, ఏడవ నెల నాటికి నలువదిరెండు గట్టిపండ్లు వచ్చును. ఆ దినములలో చిగుళ్లు సలుపుటచే ఏదో యొకటి కొఱుకక నిలువలేదు. తడిపి ముడివేసిన గుడ్డయో, లావుపాటి త్రాడో యిచ్చినచో సంతోషించును. పాత చెప్పు మాత్రము ఈయరాదు. పాత చెప్పు తనది, క్రొత్త చెప్పు మనది అను భేదము దానికి తెలియదు.

శిక్షణవిషయమున మూడు మాటలు చాలును. మొదటిది: చేతిని కొఱికిన తోడనే ఆట మాని, మొగము త్రిప్పుకొని లేచిపోవలెను. తోడిపిల్ల చేసినదియు నదియే. కొట్టినచో చేయి యనిన భయము పుట్టును. భయపడిన కుక్కయే కఱచును. రెండవది: నిద్ర లేవగనే, తిన్న వెంటనే, ఆడిన పిమ్మట దానిని పెరటిలోనికి తీసికొనిపోవలెను. అచట మూత్రము విడిచినచో మెచ్చుకొనవలెను. ఇంటిలో తడిపినచో ముక్కును దానిలో రుద్దుట వ్యర్థము. దాని కేమియు బోధపడదు. మూడవది: ఇంటివారందఱి మాటయు ఒకటిగా నుండవలెను. తండ్రి మంచముపైనుండి దింపుచుండగా అక్క యెక్కించుచున్నచో, ఆ పాఠము ఎన్నటికిని రాదు. రాత్రి యేడ్పు తల్లిని, తోడివారిని బాసిన బాధయే గనుక, గోనెపట్ట పఱచిన పెట్టెలో మన మంచము చెంతనే కొన్ని రాత్రులు పండుకొనబెట్టినచో అది తగ్గును. ఆహారములో ఉల్లిపాయ, చాక్లెట్టు, ద్రాక్ష, కిస్‌మిస్ విషతుల్యములు. ఉడికిన కోడియెముక చీలి గొంతులో గుచ్చుకొనును.

తల్లిదండ్రులును విద్యార్థులును ముఖ్యముగా గమనింపదగిన విషయమొకటి మిగిలినది. ఆటలో పంటిగాటో, గోటిగీఱో తగులుట సామాన్యము. కుక్కను తఱిమివేయుదురేమో యను భయముచే పిల్లలు దానిని చొక్కా చేతిక్రింద దాచుదురు. ఆ దాపఱికము ప్రాణము తీయవచ్చును. వెఱ్ఱికుక్క వ్యాధి, అనగా రేబీస్, చొంగలో నుండు సూక్ష్మజీవివలన కలుగును. అది గాయమునుండి నరముల వెంబడి మెదడునకు ప్రాకును. లక్షణములు బయలుపడిన పిమ్మట బ్రదుకువారు దాదాపు లేరు. అంతకుముందే చికిత్స పొందినచో భయము లేదు.

1885 జూలై 6వ తేదీన ఫ్రాన్సు దేశమున లూయీ పాస్చరు, కుక్కకాటు తిన్న జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునకు తన క్రొత్త మందు నిప్పించి బ్రదికించెను. దక్షిణదేశమున కూనూరు పాస్చరు సంస్థ 1907లో ఏర్పడినది. తొలి దినములలో కుక్కకాటు తిన్నవారు చికిత్సకై అంత దూరము పోవలసి వచ్చెడిది. గొఱ్ఱెమెదడునుండి తీసిన పాతమందును కడుపుపై అనేక దినములు పొడిచెడివారు. 2004లో మన దేశమున ఆ మందు నిలిచిపోయినది. ఇప్పటి మందును భుజమునకు కొలది మాఱులు మాత్రమే యిత్తురు. ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగా లభించును.

కావున గాటు తగిలిన వెంటనే, సబ్బుతో, ధారగా పడు నీటిక్రింద పదునైదు నిమిషములు కడుగవలెను. కారము, పసుపు, సున్నము పూయరాదు. ఆ దినమే వైద్యునికి చూపవలెను. ఇంటిపిల్లయే గదా యని ఉపేక్షింపరాదు. మన యిల్లు చేరకముందు దానికేమి తగిలినదో మన మెఱుగము. పిల్లకు మూడు నెలల ప్రాయమున రేబీస్ టీకా వేయించి, పిదప పశువైద్యుడు చెప్పిన గడువున మరల వేయింపవలెను. తల్లిదండ్రులారా, గాటును చూపిన బిడ్డను దండింపకుడు. నేడు దండించినచో ఱేపు చూపడు. బాలబాలికలారా, ఎంత చిన్న గీఱైనను ఆ గడియలోనే అమ్మకు చెప్పుడు. చెప్పుటచే మీ కుక్కపిల్లకు హాని రాదు. మీకు మేలు కలుగును.

కుక్క సామాన్యముగా పది పండ్రెండేండ్లు జీవించును. ఆఱవ తరగతి బాలుడు నేడు చంకనిడుకొని తెచ్చిన పిల్ల, అతడు కళాశాల ముగించు నాటికిని ఆ వసారాలోనే యుండును. పరీక్షల దినములలో దానికి నీరు పోయువారెవరు, ఊరికి పోయినప్పుడు అన్నము పెట్టువారెవరు, టీకా గడువు జ్ఞాపకముంచుకొనువారెవరు – ఈ మూడు ప్రశ్నలకు ఇంటివారందఱును కూర్చుండి ఉత్తరము చెప్పుకొన్న పిదపనే కుక్కపిల్లను తెచ్చుకొనుడు.