చెవితో చదివేవారి కోసం

మా సంఘంలో అందరూ మాస్టారు అని పిలిచే పెద్దాయన ఒకరున్నారు. గ్లాకోమాతో చూపు పోయింది. అయినా చదవడం మానలేదు. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివే స్క్రీన్ రీడర్ పెట్టుకుని వింటారు. కిందటేడు మా సంచిక ఫైలుని ఆయనకి పంపింది నేనే. రెండ్రోజులకి ఫోను చేశారు.

"బాబూ, ఇది ఏ భాషలో వేశారు? గంటసేపు ఇంగ్లీషు అక్షరాలూ, కామాలూ, బ్రాకెట్లూ వినిపించాయి. తెలుగు ముక్క ఒక్కటీ లేదు."

నవ్వుతూనే అన్నారు గాని నాకు తల కొట్టేసినట్లయింది. మనవరాలికి చెప్పి రాయించిన ఆయన సొంత వ్యాసం కూడా ఆ సంచికలో ఉంది మరి.

తప్పు కంప్యూటరుది కాదు, మేం వాడిన ఫాంటుది. మన పత్రికలు చాలాకాలం అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో తయారయ్యాయి. వాటి పాత పద్ధతిలో తెర మీద "క" కనిపించినా, ఫైల్లో ఉండేది ఏదో ఇంగ్లీషు అక్షరమో గుర్తో. ఫాంటు దానికి తెలుగు వేషం వేస్తుంది. స్క్రీన్ రీడర్ వేషాన్ని చూడదు, లోపలున్న సంకేతాన్నే చదువుతుంది. 1991లో వచ్చిన యూనికోడ్‌లో మాత్రం తెలుగు అక్షరాలకి సొంత సంకేతాలున్నాయి. అందులో టైపు చేసిన తెలుగుని ఎన్‌విడిఎ వంటి ప్రోగ్రాము తెలుగుగానే చదువుతుంది. గొంతు కాస్త మరమనిషిలా ఉంటుంది గాని అర్థమవుతుంది. ఎన్‌విడిఎని 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన మైకేల్ కరన్‌కి కూడా చూపు లేదు. దాన్ని ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు.

యూనికోడ్‌తోనే పని అయిపోదు. మనం పేజీలు తిప్పుతూ, పెద్ద అక్షరాల శీర్షికలు చూసి కావలసిన చోట ఆగుతాం. వినేవారికి ఆ సౌకర్యం ఎలా వస్తుంది? శీర్షికని బోల్డు చేసి సైజు పెంచితే చాలదు. స్క్రీన్ రీడర్‌కి అదీ మామూలు వాక్యమే. వర్డ్‌లో హోమ్ కింద ఉండే స్టైల్స్‌లో వ్యాసం పేరుకి హెడింగ్ 1, లోపలి ఉపశీర్షికలకి హెడింగ్ 2 ఎంచుకోవాలి. అప్పుడు ఎన్‌విడిఎలో బ్రౌజ్ మోడ్ పెట్టుకుని, హెచ్ మీట నొక్కుతూ ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకి దూకవచ్చు. లేకపోతే చివరి కథ కోసం సంచిక మొత్తం వినాలి.

ఫోటోల సంగతి. బొమ్మ మీద కుడి మీట నొక్కి, ఆల్ట్ టెక్స్ట్ అన్నచోట ఒకటి రెండు వాక్యాలు రాయాలి. "ఫోటో" అని రాస్తే ప్రయోజనం లేదు. "సంక్రాంతి ముగ్గుల పోటీ, చుక్కలు పెడుతున్న ఇద్దరు పిల్లలు" అంటే వినేవారికీ పండగ కనిపిస్తుంది. అలంకారానికి పెట్టిన లతలకి వివరణ అక్కర్లేదు, డెకరేటివ్ అని గుర్తు పెడితే చాలు.

చిన్న జాగ్రత్తలు ఇంకొన్ని. ఖాళీ కోసం ఎంటర్ పదిసార్లు నొక్కితే వినేవారికి "ఖాళీ, ఖాళీ" అని పదిసార్లు వినిపించవచ్చు. దానికి బదులు పేజ్ బ్రేక్ పెట్టండి. టెక్స్ట్ బాక్సుల్లో పెట్టిన మాటలు వరస తప్పవచ్చు, అసలు వినపడకనూ పోవచ్చు. పట్టికల్లో గళ్ళు కలపకండి. పీడీఎఫ్ కావాలంటే ప్రింట్ ద్వారా కాక, సేవ్ యాజ్ ద్వారా చేయండి, శీర్షికల గుర్తులు నిలుస్తాయి. కాగితాన్ని స్కాన్ చేసి పంపితే అది ఉత్త బొమ్మ.

చివరగా రివ్యూలో చెక్ యాక్సెసిబిలిటీ నొక్కండి. వివరణ లేని బొమ్మలని అది పట్టిస్తుంది. రాసిన వివరణ సరిగ్గా ఉందో లేదో మాత్రం మనమే చూసుకోవాలి.

మాస్టారి వ్యాసాన్ని యూనికోడ్‌లోకి మార్చి, శీర్షికలు సరిచేసి పంపడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. మర్నాడే ఫోను. "మూడో పేరాలో ఒత్తు పోయింది, చూసుకో!" అన్నారు. చూశాను. నిజంగానే పోయింది.

వచ్చే సంచికకి రాసేవారు యూనికోడ్‌లోనే పంపండి. మీ వ్యాసం చెవితో చదివేవారు మా ఊళ్ళోనే కాదు, మీ ఇంట్లోనూ ఉండవచ్చు.