సంతకం పెట్టే ముందు

ఇంజనీరింగ్ అంటే లెక్కలు, డ్రాయింగులు అనుకుని చేరాం. ప్రొఫెషనల్ ప్రాక్టీస్, డిజైన్ మేనేజ్‌మెంట్ అనే పేర్లు సిలబస్‌లో చూసి, పరీక్ష ముందు రోజు చదివితే చాలనుకున్నాం. అడుగుదామంటే మా ఇంట్లో మాకంటే ముందు కాలేజీ మెట్లెక్కినవాళ్లు లేరు. అందుకే తెలిసింది తమ్ముళ్లకు చెబుతున్నాం.

అమెరికాలోని కాన్సాస్ సిటీలో 1980లో హయత్ రీజెన్సీ హోటల్ తెరిచారు. హాలులో వేలాడే నడక వంతెనలు కట్టారు. నాలుగో అంతస్తు వంతెనకు సరిగ్గా కిందనే రెండో అంతస్తు వంతెన. మొదటి డ్రాయింగు ప్రకారం పైకప్పు నుంచి దిగే ఒకే వరస కడ్డీలు రెండింటినీ మోయాలి. అంత పొడవునా మర కోయడం కష్టమని తయారీ సంస్థ ఒక్కో కడ్డీని రెండుగా చేసింది. ఒకటి పైకప్పు నుంచి పై వంతెనకు, మరొకటి పై వంతెన నుంచి కింది వంతెనకు.

చిన్న మార్పే కదా అనిపిస్తుంది. బావిలో తాడు పట్టుకుని ఇద్దరు వేలాడుతున్నారనుకోండి. ఎవరి బరువు వారి చేతుల మీదే. కిందివాడు తాడు వదిలి పైవాడి కాళ్లు పట్టుకుంటే? తాడుకు తేడా లేదు, పైవాడి చేతులకు రెండింతలు. అక్కడా పై వంతెన దూలం కింది నట్టు మీద బరువు రెట్టింపయింది. 1981 జూలై 17 సాయంత్రం, హాలు నిండా జనం ఉండగా ఆ రెండు వంతెనలూ కూలి 114 మంది చనిపోయారు. మొదటి డిజైనే నిబంధన అడిగిన బలంలో 60 శాతమని, మార్పుతో అది 30 శాతానికి పడిందని విచారణలో తేలింది.

లెక్క కష్టమైంది కాదు. అతుకు సంగతి తయారీదారు చూస్తాడని ఇంజనీర్లు, ఇంజనీర్లు చూస్తారని తయారీదారు అనుకున్నారు. మార్పు గురించి ఫోన్ చేశామని ఒకరు, ఆ ఫోనే రాలేదని ఇంకొకరు. డ్రాయింగుల మీద మాత్రం ఇంజనీర్ల ముద్ర ఉంది. ఇద్దరి లైసెన్సులు మిస్సోరి రాష్ట్రంలో రద్దయ్యాయి.

ఇది చదివి వాళ్లను తిట్టబోయి ఆగిపోయాం. మెస్ కమిటీలో ఉన్నప్పుడు బియ్యం తూకం చూడకుండా స్టాకు రిజిస్టరులో సంతకం పెట్టింది మేమే మరి. బీటెక్ ప్రాజెక్టులో బేరింగు మార్చి కొలత దిద్దాం, పాత జిరాక్సు లేతు షాపులోనే ఉండిపోయింది. 20 మి.మీ. బేరింగుకు 25 మి.మీ. షాఫ్టు తయారైంది. నలుగురి స్కాలర్‌షిప్ డబ్బు అలా పోయింది. పనివాడి తప్పేం లేదు, కాగితంలో ఉన్నదే చేశాడు.

ఇప్పుడు ప్రతి డ్రాయింగు మూలన రివిజన్ నంబరు, తేదీ, మార్చినవారి పేరు రాస్తున్నాం. పాతది వెనక్కి తెచ్చి చించేస్తున్నాం. ఫోన్‌లో మాట్లాడినదాన్ని రెండు వాక్యాల్లో రాసి పంపుతున్నాం. ఇవన్నీ సులువే. "సార్, ఈ లెక్క ఎవరు చూశారు?" అని అడగడమే కష్టం. ఇంగ్లీషు తప్పుతుందేమో, వీడికేం తెలియదనుకుంటారేమో అని మనలాంటి వాళ్లకు ఆ మాట గొంతు దాటదు. ఫ్యాక్టరీ ట్రైనింగులో ఒక అనుమానం మూడు రోజులు నోట్లోనే నానింది. నాలుగో రోజు తెలుగులోనే అడిగేశాం. ఆ సారు ఏమీ అనలేదు, డ్రాయింగు విప్పి మళ్లీ మొదటి నుంచి లెక్క వేశారు.